సీఎన్‌జీ కారా, ఎలక్ట్రిక్ కారా? ముందు పార్కింగ్ చూసుకోండి

సీఎన్‌జీ తీసుకోవాలా, ఎలక్ట్రిక్ తీసుకోవాలా అని ఆలోచిస్తున్నవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: రాత్రి పూట మీ కారు ఎక్కడ ఉంటుంది? సొంతింటి గేటు లోపలా, అపార్ట్‌మెంట్ సెల్లార్లో మీ పేరున ఉన్న స్లాట్‌లోనా, వీధిలో గోడ పక్కనా? ధర, మైలేజీ, రాయితీలు అన్నీ దీని తర్వాతే. ఎలక్ట్రిక్ కారు మిగిల్చేదంతా ఇంటి మీటరు దగ్గరే మిగులుస్తుంది. సీఎన్‌జీ కారు సుఖపెడుతుందా, విసిగిస్తుందా అన్నది మీ దగ్గర్లో ఉన్న బంకును బట్టి ఉంటుంది.

లెక్క వేసి చూద్దాం. హైదరాబాద్‌లో సీఎన్‌జీ కిలో 95 రూపాయల చుట్టుపక్కల అనుకుందాం. వ్యాగన్ ఆర్ 1.0 సీఎన్‌జీకి కంపెనీ చెప్పే మైలేజీ కిలోకు 34.05 కిలోమీటర్లు. ఏసీ వేసుకుని సిటీ ట్రాఫిక్‌లో తిరిగితే 22 నుంచి 26 మధ్యలో వస్తుంది. 24 పట్టుకుంటే కిలోమీటరుకు నాలుగు రూపాయలు. అదే సైజు పెట్రోల్ కారుకు లీటరు 107 చొప్పున, లీటరుకు 16 కిలోమీటర్లు వేసుకుంటే 6 రూపాయల 70 పైసలు.

ఎలక్ట్రిక్‌కు వచ్చేసరికి టియాగో ఈవీ లాంటి చిన్న కారును తీసుకుందాం. గోడ సాకెట్ నుంచి తీసుకున్న ప్రతి యూనిట్‌కూ సిటీలో ఏడు కిలోమీటర్లు వేసుకోవచ్చు. డ్యాష్‌బోర్డు మీద ఎనిమిది, తొమ్మిది అని కనిపిస్తుంది. అది బ్యాటరీ నుంచి ఖర్చయిన లెక్క. ఏసీ కరెంటును డీసీగా మార్చేటప్పుడు పదీ పన్నెండు శాతం వేడిగా పోతుంది, దానికీ బిల్లు కట్టేది మనమే. కారు కరెంటు అంతా ఇంటి మీటరు మీదే పడితే పై స్లాబుకు చేరతాం. ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 400 యూనిట్లు దాటాక యూనిట్ 9 రూపాయల 75 పైసలు, సర్దుబాటు చార్జీలు దానికి అదనం. పది రూపాయలే అనుకున్నా కిలోమీటరుకు రూపాయిన్నర లోపే. ఈవీ కోసం వేరే కనెక్షన్ తీసుకుంటే స్లాబుల బాధ ఉండదు. రెండు రాష్ట్రాల్లోనూ ఆ కేటగిరీ యూనిట్ ధర ఆరేడు రూపాయల మధ్య ఉంటుంది కాబట్టి కిలోమీటరుకు దాదాపు రూపాయి పడుతుంది.

ఇప్పుడు అదే కారును రోడ్డు పక్క ఫాస్ట్ ఛార్జర్ మీద నడిపి చూడండి. జీఎస్టీతో కలిపి యూనిట్ 20 నుంచి 25 రూపాయలు. హైవే మీద వంద వేగంలో యూనిట్‌కు ఆరు, ఆరున్నర కిలోమీటర్లకు మించి రాదు. అంటే కిలోమీటరుకు మూడు నుంచి నాలుగు రూపాయలు. సీఎన్‌జీ ఖర్చు కూడా దాదాపు అంతే! ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకునే వీలు లేకుండా, బయట ఛార్జర్లనే నమ్ముకుని చిన్న ఎలక్ట్రిక్ కారు కొనడం వల్ల డబ్బు మిగలదు, టైమూ పోతుంది. షోరూంలో ఈ మాట ఎవరూ చెప్పరు కాబట్టే ఇంత గట్టిగా రాస్తున్నాను.

కొనేటప్పటి తేడా కూడా కలపాలి. తెలంగాణలో 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 వరకు ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించారు. ఐదు నుంచి పది లక్షల మధ్య ధర ఉన్న సీఎన్‌జీ కారుకు లైఫ్ ట్యాక్స్ 14 శాతం కట్టాలి. ఇంకోపక్క 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న పెట్రోల్, సీఎన్‌జీ కార్ల జీఎస్టీ 18 శాతానికి దిగింది. ఎలక్ట్రిక్‌కు 2019 ఆగస్టు నుంచీ 5 శాతమే. అందుకని పాత వ్యాసాల్లోని ధరల తేడాలను నమ్మకుండా ఆన్‌రోడ్ కొటేషన్లు రెండూ పక్కపక్కన పెట్టుకోండి. తేడా రెండు లక్షలు తేలిందనుకుందాం. ఇంట్లో ఛార్జ్ చేస్తే కిలోమీటరుకు మిగిలేది రెండున్నర రూపాయలు. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగేవాళ్లకు ఏడాదికి 30 వేలు, ఆ రెండు లక్షలు వెనక్కి రావడానికి ఆరేడేళ్లు. రెండు వేలు తిరిగేవాళ్లకు మూడేళ్ల పైచిలుకు. సాధారణంగా బ్యాటరీకి ఇచ్చే వారంటీ ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. నెలకు ఆరేడు వందలు కూడా తిరగనివాళ్లకు డబ్బు లెక్కలో సీఎన్‌జీ కూడా దండగే, మామూలు పెట్రోల్ కారు చాలు.

గ్యాస్ బంకు దగ్గర తెలుసుకోవాల్సినవి

సీఎన్‌జీ కారులో గ్యాస్ 200 బార్ల ఒత్తిడిలో ఉంటుంది. అరవై లీటర్ల సిలిండర్ అంటే అందులో పట్టే నీళ్ల కొలత. గ్యాస్ మాత్రం ఎనిమిది కిలోల దాకా పడుతుంది. అది కూడా బంకులో ఒత్తిడి సరిగ్గా ఉన్నప్పుడే. అసలు తేడా అంతా ఇక్కడుంది.

బంకుల్లో ప్రధానంగా రెండు రకాలు. పైప్‌లైన్ నేరుగా వచ్చి, అక్కడే కంప్రెసర్ ఉండేది ఆన్‌లైన్ స్టేషన్. పైప్‌లైన్ లేనిచోట, పైప్‌లైన్ ఉన్న పెద్ద కేంద్రంలో (దాన్ని మదర్ స్టేషన్ అంటారు) సిలిండర్ల వరుసలు నింపి లారీలో తెచ్చి పెడతారు. ఆ వరుసనే క్యాస్కేడ్ అంటారు, అలాంటి బంకు డాటర్ స్టేషన్. క్యాస్కేడ్ కొత్తగా వచ్చినప్పుడు ఒత్తిడి నిండుగా ఉంటుంది. పాతిక ఆటోలు నింపుకుపోయాక మీ వంతు వస్తే 150, 160 బార్ల దగ్గర ఆగిపోతుంది. ఎనిమిది కిలోలకు బదులు ఆరు కిలోలతో బయటపడతారు. రోజువారీ దారిలో ఉన్న బంకు ఏ రకమో అక్కడి కుర్రాళ్లను అడిగితే చెబుతారు. డాటర్ స్టేషన్ అయితే క్యాస్కేడ్ ఏ టైముకు మారుస్తారో కూడా అడిగి పెట్టుకోండి, అది మారిన గంటలో వెళ్తే నిండుగా పడుతుంది. తెలుగు రాష్ట్రాల్లో కారు కొనే ముందు చేయాల్సిన అసలు పని ఇదే: ఇంటి నుంచి ఐదారు కిలోమీటర్ల లోపు ఆన్‌లైన్ స్టేషన్ ఉందో లేదో చూసుకోవడం. హైదరాబాద్, విజయవాడ, కాకినాడల్లో భాగ్యనగర్ గ్యాస్ ఉంది, గోదావరి జిల్లాల్లో గోదావరి గ్యాస్ ఉంది. జిల్లా దాటితే కంపెనీ మారుతుంది, దాంతో ధర కూడా మారుతుంది.

మే నెలలో చాలామందికి వచ్చే అనుమానం ఒకటుంది. బంకులో గేజీ 200 చూపించింది, ఇంటికెళ్లాక 175కు పడిపోయింది, మోసం చేశారా అని. కాదు. గ్యాస్‌ను వేగంగా కుక్కినప్పుడు సిలిండర్ లోపల వేడెక్కుతుంది, వేడి గ్యాస్ ఒత్తిడి ఎక్కువ చూపిస్తుంది. చల్లారాక అసలు ఒత్తిడి బయటపడుతుంది. డిస్పెన్సర్‌లో మీటరు కొలిచేది గ్యాస్ బరువును, మీరు డబ్బు కట్టేదీ ఆ బరువుకే. కాబట్టి నష్టమేమీ లేదు, రేంజ్ మాత్రం తగ్గుతుంది. ఎండాకాలంలో పొద్దున్నే నింపుకుంటే అరకిలో, ముప్పావు కిలో ఎక్కువ పడుతుంది.

సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో టెస్టు తప్పనిసరి. పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) అనుమతి ఉన్న సెంటర్లోనే చేయించాలి. గ్యాస్ ఖాళీ చేసి, సిలిండర్ విప్పి, నీళ్లు నింపి, పని ఒత్తిడి కంటే బాగా ఎక్కువ ఒత్తిడి పెట్టి, లోహం శాశ్వతంగా సాగిందేమో చూస్తారు. ఫెయిలైతే ఆ సిలిండర్ ఇక వాడడానికి లేదు. గడువు తేదీ ఉన్న కంప్లయన్స్ ప్లేటు లేకపోతే బంకులో గ్యాస్ పట్టరు. టెస్టుకు వెళ్లే రోజు సిలిండర్లో గ్యాస్ దాదాపు అయిపోయేలా చూసుకోండి, లేకపోతే మిగిలిందంతా గాలిలోకి వదిలేస్తారు. అది దండగ, పైగా సీఎన్‌జీలో ఎక్కువ భాగం ఉండే మీథేన్‌ను అలా వదలడం కాల్చడం కంటే వాతావరణానికి చేటు.

బయట కిట్టు వేయించేవాళ్లకు ఒక హెచ్చరిక. ఆ మోడల్‌కు ఆమోదం ఉన్న కిట్టేనా చూసుకోండి. ఆర్సీలో ఇంధనం మార్పించి, ఇన్సూరెన్స్ పాలసీలో కూడా రాయించండి. ఈ రెండూ లేకుండా యాక్సిడెంట్ జరిగితే క్లెయిమ్ దగ్గర మెలిక పెడతారు. వారంటీలో ఉన్న కారుకైతే బయటి కిట్టు ఆలోచనే వద్దు.

ఇక నడపడం. గ్యాస్ కారులో పికప్ తగ్గుతుందన్నది నిజమే. ఇంజిన్ సిలిండర్లోకి వెళ్లే గాలిలో కొంత చోటును గ్యాస్ ఆక్రమిస్తుంది కాబట్టి శక్తి పది, పదిహేను శాతం పడిపోతుంది. వ్యాగన్ ఆర్ 1.0 పెట్రోల్ మీద 67 పీఎస్ ఇస్తే గ్యాస్ మీద 57 మాత్రమే. పైగా గ్యాస్ సిలిండర్, బ్రాకెట్లు కలిపి ఎనభై, తొంభై కిలోల బరువు. నలుగురిని ఎక్కించుకుని శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు పెట్రోల్‌కు మార్చుకోవడమే మంచిది. డిక్కీ మీద ఆశ వదులుకోవాలి. టాటా కార్లలో ఒక పెద్ద సిలిండర్ బదులు ముప్పై లీటర్లవి రెండు అడుగున పడుకోబెట్టడం వల్ల సూట్‌కేసులకు చోటు మిగిలింది. కుటుంబంతో ఊళ్లు తిరిగేవాళ్లకు ఇది పెద్ద సౌకర్యమే.

సీఎన్‌జీ కారులో రిపేర్లు ఎక్కువ అంటారు. వాటిలో చాలా వరకు ఒక వరుసలో వెతికితే దొరికిపోతాయి. గ్యాస్ మీద కుదుపులు వస్తున్నాయి, పెట్రోల్‌కు మార్చగానే నున్నగా పోతోందంటే ముందు స్పార్క్ ప్లగ్గులు చూడండి. మీథేన్ అంటుకోవడానికి పెట్రోల్ కంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. ప్లగ్గు గ్యాప్ కాస్త పెరిగినా పెట్రోల్ భరిస్తుంది, గ్యాస్ భరించదు. ప్లగ్గులు బాగుంటే తర్వాత గ్యాస్ ఫిల్టర్. బంకు కంప్రెసర్ల నుంచి నూనె తుంపర గ్యాస్‌తో పాటు వస్తుంది, అది ఫిల్టర్‌నూ, గ్యాస్ ఒత్తిడి తగ్గించే రెడ్యూసర్‌నూ, ఇంజిన్‌లోకి గ్యాస్ చిమ్మే ఇంజెక్టర్లనూ జిడ్డు చేస్తుంది. ఆ తర్వాతే ఇంజెక్టర్ల జోలికి వెళ్లాలి. కుదుపు రెండు ఇంధనాల మీదా ఉంటే అది గ్యాస్ కిట్టు తప్పు కాదు, వేరే చోట వెతకాలి. రెడ్యూసర్ మీద మంచు కడుతోందంటే కూలెంట్ తక్కువైనట్టు. 200 బార్ల గ్యాస్ ఒత్తిడి తగ్గేటప్పుడు విపరీతంగా చల్లబడుతుంది, గడ్డకట్టకుండా ఉండడానికే దాని చుట్టూ ఇంజిన్ వేడి నీళ్లు తిప్పుతారు.

పెట్రోల్ ట్యాంకును ఎండబెట్టకండి. ట్యాంకులోని పంపును చల్లబరిచేది ఆ పెట్రోలే. చాలా కార్లు పెట్రోల్ మీదే స్టార్టయి, కాసేపటికి గ్యాస్‌కు మారతాయి. టాటా వాటిలో నేరుగా గ్యాస్ మీద స్టార్టయ్యేవి ఉన్నాయి. పావు ట్యాంకు ఎప్పుడూ ఉంచి, వారానికోసారి ఐదు పది కిలోమీటర్లు పెట్రోల్ మీద నడపండి. ఇథనాల్ కలిసిన పెట్రోల్ నెలల తరబడి కదలకుండా ఉంటే తేమ పీల్చుకుంటుంది. వాల్వు క్లియరెన్స్ (ఇంజిన్ వాల్వు పూర్తిగా మూసుకోవడానికి వదిలే సన్నని సందు) చూడడం కూడా చాలా వర్క్‌షాపులు వదిలేసే పని. గ్యాస్ పొడి ఇంధనం, వాల్వు సీటు అరిగి క్లియరెన్స్ బిగిసిపోతుంది. సర్వీసు పుస్తకంలో రాసిన కిలోమీటర్లకు అడిగి మరీ చేయించుకోండి.

గ్యాస్ వాసన వస్తే సిలిండర్ మీది వాల్వు చేత్తో కట్టేసి, అద్దాలు దించి, స్విచ్‌లు ముట్టకుండా కారును ఆరుబయటకు నెట్టండి. మీథేన్ గాలి కంటే తేలిక, పైకి పోతుంది. ఆరుబయట త్వరగా చెదిరిపోతుంది. గాలాడని సెల్లార్లో మాత్రం సీలింగు కింద, సరిగ్గా లైట్లున్న చోటే చేరుతుంది. లీకు ఎక్కడుందో సబ్బు నీళ్లతోనే చూడాలి.

ఇంట్లో ఛార్జింగ్: తీగ దగ్గర పొదుపు వద్దు

ఎలక్ట్రిక్ కారు కొన్న మొదటి నెలలో వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం కారువి కావు, ఇంటి వైరింగ్‌వి. కారుతో వచ్చే చిన్న ఛార్జర్ 3.3 కిలోవాట్లది, అది దాదాపు 15 ఆంపియర్లు లాగుతుంది. గీజర్ కూడా బాగానే లాగుతుంది, కానీ పావుగంటకు ఆగిపోతుంది. ఛార్జర్ ఎనిమిది గంటలు ఆగకుండా లాగుతుంది. నాసిరకం సాకెట్ అయితే రెండో గంటకే వేడెక్కి, కొన్నాళ్లకు ప్లాస్టిక్ కరిగి నల్లబడుతుంది. డీబీ (ఇంట్లో కరెంటు పంచే స్విచ్‌ల పెట్టె) నుంచి వేరేగా 4 స్క్వేర్ ఎంఎం రాగి తీగ లాగించి, దాని చివర మంచి కంపెనీ ఇండస్ట్రియల్ సాకెట్ పెట్టించండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒక్క రాత్రికి కూడా వద్దు. మొదటి వారంలో ఛార్జింగ్ పెట్టిన గంటకు సాకెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆపేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ఛార్జర్ మీద ఎర్ర లైటు వెలిగి ఛార్జింగ్ మొదలుకాకపోతే పదిలో ఎనిమిది సార్లు ఎర్తింగే కారణం. పాత ఇళ్లలో మూడో పిన్ను ఉంటుంది, దాని వెనక ఎర్త్ తీగ ఉండదు, లేదా గుంత ఎండిపోయి ఉంటుంది. మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ చూడండి. రెండు మూడు వోల్టులుంటే మంచిదే. పది, ఇరవై చూపిస్తోందంటే కొత్త ఎర్త్ గుంత తవ్వించాల్సిందే. న్యూట్రల్‌నే ఎర్త్ పిన్నుకు కలిపేసే ఎలక్ట్రీషియన్లున్నారు. అలా చేస్తే లైటు ఆకుపచ్చగా మారుతుంది గానీ, వీధిలో న్యూట్రల్ తెగిన రోజు కారు బాడీ అంతా కరెంటే. దీనికి మాత్రం ఒప్పుకోకండి.

అపార్ట్‌మెంట్ జనరేటర్ మీద నడిచేటప్పుడు కూడా చాలా ఛార్జర్లు ఎర్త్ ఫాల్ట్ చూపిస్తాయి. అప్పుడు కారు తప్పేమీ లేదు, కరెంటొచ్చాక దానంతటదే మొదలవుతుంది. పల్లెల్లో ఎండాకాలం లో వోల్టేజీ ఉంటే ఛార్జింగ్ మధ్యలో ఆగుతుంది. ఫ్రిజ్‌కు పెట్టే స్టెబిలైజర్ ఈ లోడుకు సరిపోదు.

7.2 కిలోవాట్ల వాల్‌బాక్స్ (గోడకు బిగించే పెద్ద ఛార్జర్) అవసరమా? చాలామందికి అక్కర్లేదు. 3.3 మీద రాత్రి ఎనిమిది గంటలు పెడితే 26 యూనిట్లు, అంటే 180 కిలోమీటర్లు. రోజూ అంతకంటే ఎక్కువ తిరిగేది ట్యాక్సీలే. పెట్టించుకునేవాళ్లకు 6 స్క్వేర్ ఎంఎం తీగ, దూరం పాతిక మీటర్లు దాటితే 10, దానికి 40 ఆంపియర్ల ఎంసీబీ, 30 మిల్లీ ఆంపియర్ల టైప్ ఏ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) కావాలి. ముందుగా కరెంటాఫీసులో లోడు పెంచుకోవాలి, కిలోవాట్‌కు ఇంతని డెవలప్‌మెంట్ చార్జీలు కట్టించుకుంటారు. త్రీఫేజ్ ఇల్లయితే ఛార్జర్‌ను ఏసీలూ గీజర్లూ లేని ఫేజ్ మీద వేయించండి. ఇది సింగిల్ ఫేజ్ ఛార్జరే, 31 ఆంపియర్లు ఒక్క ఫేజ్ నుంచే లాగుతుంది.

అపార్ట్‌మెంట్‌లో చిక్కు వైరింగ్‌ది కాదు, అసోసియేషన్‌ది. కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాల ప్రకారం ఉన్న కనెక్షన్ నుంచి గానీ, వేరే కనెక్షన్ తీసుకుని గానీ సొంత బండిని ఛార్జ్ చేసుకోవచ్చు. మీటరు ప్యానెల్ నుంచి మీ స్లాట్ వరకు తీగ ఏ దారిన వస్తుందో, పైపు ఎక్కడ బిగిస్తారో, ఆర్‌సీసీబీ ఎక్కడ ఉంటుందో ఒక కాగితం మీద గీసి తీసుకెళ్తే సగం అభ్యంతరాలు అక్కడే తీరిపోతాయి. అనుమతి చేతికొచ్చాకే కారు బుక్ చేయండి.

ఊరి ప్రయాణం

హైదరాబాద్ నుంచి విజయవాడ 275 కిలోమీటర్లు. సీఎన్‌జీ కారు ఎనిమిది కిలోలతో 200 దాటి వెళ్తుంది, మిగిలిన దూరానికి పెట్రోల్ ఉండనే ఉంది. ఆగాలన్న ఆందోళన లేదు. 24 యూనిట్ల బ్యాటరీ ఉన్న చిన్న ఎలక్ట్రిక్ కారైతే హైవే మీద 140, 150 కిలోమీటర్లు. సూర్యాపేటలో ఆగక తప్పదు, అక్కడ నిండా పెట్టుకుంటే తప్ప విజయవాడ ధీమాగా చేరలేం. 45 యూనిట్ల నెక్సాన్ ఈవీ లాంటిదైతే సూర్యాపేట టిఫిన్ టైములో పెట్టుకున్న ఛార్జింగే చాలు.

బ్యాటరీ 80 శాతం దాటాక ఛార్జింగ్ నెమ్మదిస్తుంది, చివరి 20 శాతానికి పట్టే టైములో ఇంకో ఛార్జర్ దాకా వెళ్లిపోవచ్చు. కాబట్టి వీలైన చోట 10 నుంచి 80 వరకు రెండుసార్లు ఆగడం మంచిది. 120 కిలోవాట్ల ఛార్జర్ అని బోర్డు చూసి సంబరపడొద్దు, చిన్న కార్లు పాతిక, ముప్పై కిలోవాట్లకు మించి తీసుకోవు. రెండు గన్నులు (కారుకు తగిలించే ప్లగ్గులు) ఉన్న 60 కిలోవాట్ల ఛార్జర్‌కు రెండో కారు తగిలిస్తే చెరి సగం. మిట్టమధ్యాహ్నం 43 డిగ్రీల ఎండలో వంద వేగంతో వచ్చి గన్ను పెడితే బ్యాటరీ చల్లబడేదాకా కారే వేగం తగ్గించుకుంటుంది. సంక్రాంతికి ముందు రెండు రోజులు మాత్రం ఎలక్ట్రిక్ కారులో ఈ దారిన బయలుదేరే ముందు రెండుసార్లు ఆలోచించండి. టోల్‌గేట్ల దగ్గర ఎంత వరుస ఉంటుందో ఛార్జర్ల దగ్గరా అంతే ఉంటుంది, కానీ ఒక్కో కారు కదలడానికి ముప్పావు గంట.

ఎలక్ట్రిక్ కారు రోడ్డు మీద ఆగిపోతే పెద్ద బ్యాటరీని తిట్టే ముందు ముందున్న 12 వోల్టుల చిన్న బ్యాటరీ చూడండి. అది పడిపోతే పెద్ద దానిలో 90 శాతం ఉన్నా కారు మేలుకోదు. మూడేళ్లకోసారి మార్చేయండి. వరద నీళ్లలో మునిగిన కారును ఎట్టి పరిస్థితుల్లోనూ ఆన్ చేయొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు. బ్యాటరీకి ఐపీ 67 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట వరకే హామీ, రాత్రంతా కాదు. తాడు కట్టి లాగకుండా నాలుగు చక్రాలూ పైకెత్తే ఫ్లాట్‌బెడ్ మీదే తీసుకెళ్లాలి.

పొగ సంగతి

పర్యావరణం కోసం ఎలక్ట్రిక్ అంటారు, ఇక్కడ నిజాయితీగా లెక్క చెప్పాలి. కిలో సీఎన్‌జీ కాలితే 2.75 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, కిలోమీటరుకు దాదాపు 115 గ్రాములు. మన దేశంలో యూనిట్ కరెంటు తయారీకి సగటున 0.73 కిలోలు, లైన్ల నష్టం కూడా కలిపితే చిన్న ఎలక్ట్రిక్ కారు కిలోమీటరుకు 120 గ్రాముల దగ్గరే తేలుతుంది. ఎక్కువగా బొగ్గుతోనే తయారయ్యే ఈ కరెంటు మీద రెండూ దాదాపు సమానం. మారేది పొగ ఎక్కడ వదులుతున్నామన్నది. స్కూలు గేటు ముందు వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు ఎలక్ట్రిక్ కారుకు ఉండవు, అదేమీ చిన్న విషయం కాదు. మిద్దె మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించుకుంటే లెక్క మొత్తం మారిపోతుంది. పీఎం సూర్యఘర్ కింద 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది, సగటున రోజుకు 12 యూనిట్లు పండుతాయి. అంటే ఎనభై కిలోమీటర్లు. సొంతిల్లు, సొంత మిద్దె ఉండి రోజూ ముప్పై నలభై కిలోమీటర్లు తిరిగేవాళ్లు ఈరోజు సీఎన్‌జీ కొనడానికి నాకైతే ఒక్క కారణమూ కనిపించదు. అద్దె ఇంట్లో, వీధి పార్కింగ్‌లో ఉంటూ నెలకు రెండు వేల కిలోమీటర్లు తిరిగేవాళ్లకు మాత్రం సీఎన్‌జీయే సరైనది.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు సీఎన్‌జీ అయితే ఆర్సీలో ఇంధనం ఏం రాసి ఉందో, ప్లేటు మీద టెస్టు తేదీ ఎప్పటిదో, సిలిండర్ అడుగున తుప్పుందేమో చూసి, గ్యాస్ మీద ఐదు కిలోమీటర్లు నడిపి చూడాలి. ఎలక్ట్రిక్ అయితే సర్వీస్ సెంటర్లో బ్యాటరీ హెల్త్ రిపోర్టు అడగండి. ఇవ్వకపోతే ఒక రాత్రి అడిగి, 20 శాతం నుంచి 100 దాకా ఛార్జ్ పెట్టి గోడ దగ్గర మీటర్లో యూనిట్లు రాసుకోండి. 24 యూనిట్ల బ్యాటరీ కొత్తదైతే నష్టాలతో కలిపి 21, 22 యూనిట్లు లాగాలి. 18కే నిండిపోయిందంటే అందులో మిగిలింది 20 యూనిట్ల సామర్థ్యమే, ధర ఆ లెక్కనే మాట్లాడాలి.